గ్రహణి వ్యాధి - యల్లాప్రగడ సుబ్బారావు

ఒకే కుటుంబంలో ఎనిమిది రోజుల తేడాతో ఇద్దరు అన్నదమ్ములు కన్నుమూశారు. పెద్దవాడు పురుషోత్తం, చిన్నవాడు కృష్ణమూర్తి. ఇద్దరినీ బలి తీసుకున్నది ఒకే జబ్బు. ఉష్ణదేశాలలో కనిపించే ఆ జబ్బును పాశ్చాత్య వైద్యులు స్ప్రూ అన్నారు. మన వైద్యంలో గ్రహణి అని పిలిచే రోగాలలో అది ఒకటి. ఆ ఇద్దరి నడుమ పుట్టిన సోదరునికి కూడా అదే జబ్బు సోకింది. ఆయన మాత్రం బతికి బయటపడ్డాడు. ఇరవై ఏళ్లు దాటిన తరువాత, ఎక్కడో అమెరికాలో, ఆయన నడుపుతున్న పరిశోధనశాలలోనే ఆ జబ్బుకు మందు తయారయింది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరం జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించాడు. అప్పుడది మద్రాసు రాజధానిలో భాగం. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. తండ్రి ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం మానుకోవలసి రావడంతో ఇల్లు గడవడం కష్టమయింది. పిల్లలు ఏడుగురు. వారిని చదివించి పైకి తేవాలన్న పట్టుదల తల్లిది. సుబ్బారావుకు మాత్రం చిన్నతనంలో చదువు మీద ధ్యాస తక్కువ. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు విడిచి పారిపోయాడు. తల్లి వెతికించి వెనక్కి రప్పించింది. రాజమండ్రిలో చదివినా మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. చివరకు మద్రాసులోని హిందూ హైస్కూలులో చేరి, మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడయ్యాడు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్న రోజుల్లో రామకృష్ణ మఠంవారితో పరిచయం కలిగింది. సన్యాసం తీసుకోవాలనుకున్నాడు. తల్లి అంగీకరించలేదు. తల్లి అనుమతి లేనిదే మఠంవారు చేర్చుకోరు. వైద్యం చదివితే ప్రజలకు ఆ విధంగానైనా సేవ చేయవచ్చు కదా అన్న ఆలోచనతో 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. తరువాత అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో వివాహం జరిగింది. చదువు ఖర్చులో చాలా భాగం మామగారే భరించాడు.

అది స్వాతంత్ర్యోద్యమం ఊపందుకుంటున్న కాలం. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు ధరించాడు. శస్త్రచికిత్స గదిలో కూడా ఖద్దరు అంగీతోనే నిలబడ్డాడు. ఇది శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయ ఆచార్యునికి నచ్చలేదు. తక్కిన సబ్జెక్టులన్నీ బాగా రాసినా ఆ సబ్జెక్టులో దెబ్బతిన్నాడు. ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టం దక్కింది. ఆ తక్కువ పట్టం ఆయనను చాలాకాలం వెంటాడింది.

అన్నదమ్ముల మరణం, ఆయనకు సోకిన జబ్బు ఆ కాలపు సంగతులే. ఆ జబ్బు ఎలాంటిదో కొంత తెలుసుకుంటేనే ఆయన జీవితం అర్థమవుతుంది.

స్ప్రూ అనేది డచ్చి భాష నుంచి వచ్చిన మాట. నోటిపూతను వాళ్లు అలా పిలిచేవారు. జావా ద్వీపంలో ఉన్న డచ్చివారికి ఈ రోగంలో మొదట కంటపడింది నోరే. నాలుక ఎర్రబడి, నున్నగా, పుండులా అవుతుంది. కారం తగిలితే మంట. ఆ తరువాత విరేచనాలు మొదలవుతాయి. అవి మామూలు విరేచనాల వంటివి కావు. పాలిపోయి, జిడ్డుగా, ఎక్కువ మొత్తంలో అవుతాయి. నెలల తరబడి తగ్గవు. కడుపు ఉబ్బరిస్తుంది. తిండి సయించదు. తిన్నది వంటబట్టదు. మనిషి ఎముకలగూడు అవుతాడు. ముఖం తెల్లగా పాలిపోతుంది. తినడానికి లేక చిక్కిపోయినవానికి అన్నం పెడితే కోలుకుంటాడు. ఈ రోగికి అన్నం పెట్టినా కోలుకోడు. ఇంట్లోవాళ్లు కంచంలో ఎంత వడ్డించినా అది శరీరంలోకి పోయే దారి మూసుకుపోయింది.

ఆ దారి చిన్నప్రేగులో ఉన్నది. సుమారు ఆరు మీటర్ల పొడవుండే ఈ గొట్టం లోపలి గోడ నున్నగా ఉండదు. మఖమల్ గుడ్డ మీది నూగులాగా లక్షలాది చిన్న చిన్న వేళ్లు దాని మీద లేచి ఉంటాయి. ఒక్కొక్కటి ఒక మిల్లీమీటరు ఎత్తు ఉంటుందేమో! వీటిని ఆంత్రచూషకాలు అంటారు. జీర్ణమైన ఆహారాన్ని పీల్చుకునేవి ఇవే. వీటి పైపొరలోని కణాలకు ఆయుష్షు చాలా తక్కువ. మూడు నుంచి అయిదు రోజుల్లో అవి రాలిపోతాయి. వాటి స్థానంలో కింది నుంచి కొత్త కణాలు పుట్టుకొస్తూ ఉండాలి. మన శరీరంలో ఇంత వేగంగా పాతపోయి కొత్తవచ్చే చోట్లు కొన్నే ఉన్నాయి. ప్రేగు లోపలి పొర, నాలుక మీది పొర, ఎముకమజ్జలో తయారయ్యే రక్తకణాలు వాటిలో ముఖ్యమైనవి. స్ప్రూ రోగిలో చెడేవి సరిగ్గా ఈ మూడే. నాలుక పూయడం, విరేచనాలు, రక్తహీనత అనే మూడింటికి ఇదే కారణమని తరువాత తేలింది. సుబ్బారావు అన్నదమ్ములకు వైద్యం చేసినవారికి ఈ సంగతి తెలియదు. ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

సుబ్బారావుకు ఆ జబ్బు తగ్గించినవాడు ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి. పాశ్చాత్య వైద్యం చదివిన సుబ్బారావు ఆయుర్వేద చికిత్సతో ప్రాణం దక్కించుకున్నాడు. తరువాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించాడు. మూలికల గుణాలను ఆధునిక పద్ధతిలో పరీక్షించాలని ఆశపడ్డాడు. అందుకు తగిన చదువు, సాధనాలు ఇక్కడ లేవని గ్రహించి అమెరికా వెళ్లాలని నిశ్చయించుకున్నాడు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామన్నది. మామగారు కొంత సొమ్ము సమకూర్చాడు. మూడేళ్లలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి, 1920ల మొదట్లో ఓడ ఎక్కాడు. ఆయన మళ్లీ భారతదేశం చూడలేదు. శేషగిరమ్మ భర్తను మళ్లీ చూడలేదు. వారికి పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు.

బోస్టన్ నగరంలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రం చదవడానికి చేరాడు. చేతిలో డబ్బు లేదు. మన ఎల్.ఎం.ఎస్. పట్టంతో అక్కడ వైద్యం చేసే వీలు లేదు. రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రపు పాత్రలు కడిగే పనికి కుదిరి, పగలు చదువుకున్నాడు. తరువాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త వద్ద పనిచేశాడు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. వారిద్దరి పేర్లతోనే ఆ పద్ధతి నేటికీ ప్రసిద్ధం. కండరాలు పనిచేయడానికి కావలసిన శక్తికి సంబంధించి ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లోను గుర్తించారు. జీవకణానికి ఏ.టి.పి. చేతి ఖర్చు డబ్బు వంటిదని జీవశాస్త్ర పాఠాల్లో చెబుతారు. దానిని మొదట వెలికితీసినవారిలో ఒకడు ఈ భీమవరం మనిషి అన్నమాట చాలామంది విద్యార్థులకు తెలియదు. 1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన ఆచార్య పదవి మాత్రం దొరకలేదు.

ఆ కాలంలోనే వైద్యులందరి దృష్టినీ ఆకర్షించిన వస్తువు ఒకటుంది. అది కాలేయం. ఒక రకం ప్రాణాంతకమైన రక్తహీనతకు జంతువుల కాలేయం తినిపిస్తే గుణమిస్తున్నదని 1926లో బోస్టన్ వైద్యులు కనుగొన్నారు. పోర్టోరికో ద్వీపంలో స్ప్రూ రోగులకు కూడా కాలేయసారం మేలు చేసింది. మన దేశంలోనే మరొక ఆధారం దొరికింది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భవతులకు వచ్చే రక్తహీనతను పరిశీలించింది. కాలేయసారమే కాక, బీరు తయారీలో వాడే ఈస్టు నుంచి తీసిన చవుక పదార్థం కూడా వారి జబ్బును నయం చేస్తున్నదని 1931లో ప్రకటించింది. కాలేయంలోనూ, ఈస్టులోనూ ఏదో ఉన్నది. అది లేకపోతే రక్తం పాలిపోతుంది, ప్రేగు చెడుతుంది. ఆ ఏదో ఏమిటి?

సుబ్బారావు హార్వర్డ్‌లో ఉండగానే కాలేయాన్ని రసాయనికంగా విడదీసే పనికి పూనుకున్నాడు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే చోట ఉన్న లెడర్లీ పరిశోధనశాలకు మారిన తరువాత ఆ పని పెద్ద ఎత్తున సాగింది. కొద్దికాలంలోనే పరిశోధనలకు అధిపతి అయ్యాడు. విశ్వవిద్యాలయం ఇవ్వనిది ఒక మందుల కంపెనీ ఇచ్చింది.

పని ఎంత కష్టమో ఒక్క సంగతి చెబితే తెలుస్తుంది. టెక్సాస్‌లో కొందరు శాస్త్రవేత్తలు ఇదే పదార్థం కోసం నాలుగు టన్నుల పాలకూరను ఉడికించి, వడకట్టి, చివరకు అతి కొద్ది మోతాదు మాత్రమే సంపాదించగలిగారు. ఆకులలో దొరికింది కనుక, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాటను తీసుకొని 1941లో దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. ఇంత తక్కువ మోతాదులో ఉన్నదానిని తూచడం ఎలా? అందుకు పాలను పులియబెట్టే జాతి బాక్టీరియా ఒకటి ఉపయోగపడింది. ఈ పదార్థం లేనిదే ఆ బాక్టీరియా పెరగదు. అందువల్ల కాలేయసారంలోని ఒక్కొక్క భాగాన్నీ దానికి ఆహారంగా వేసి చూస్తారు. ఏ భాగంలో అది బాగా పెరిగితే ఆ భాగంలో విటమిన్ ఉన్నట్టు. తక్కినవి పారబోసి, ఆ భాగాన్ని మళ్లీ విడదీస్తారు. ఇలా నెలలు, సంవత్సరాలు. లెడర్లీలో స్టాక్‌స్టాడ్ అనే శాస్త్రవేత్త దానిని స్ఫటికాల రూపంలో తీశాడు. దాని నిర్మాణాన్ని ఛేదించి, 1945లో కాలేయంతో పనిలేకుండా ప్రయోగశాలలోనే తయారుచేశారు. ఆ విషయాన్ని ప్రకటించిన వ్యాసంలో పదహారు పేర్లున్నాయి. సుబ్బారావు పేరు వాటి నడుమ ఒకటి. ఆ బృందాన్ని కూర్చి నడిపించినవాడు తానే అయినా, పేరు ముందుకు తోసుకునే అలవాటు ఆయనకు లేదు. నేటికీ ఆయన పేరు తగినంతగా వినిపించకపోవడానికి ఇది కూడా ఒక కారణమే.

ఫోలిక్ ఆమ్లం చేసే పని ఏమిటి? కణం రెండు కణాలుగా చీలాలంటే ముందుగా తనలోని డి.ఎన్.ఏ.కు నకలు తయారుచేసుకోవాలి. ఆ నకలుకు కావలసిన ముడిసరుకు తయారీలో ఫోలిక్ ఆమ్లం తోడ్పడుతుంది. అది తగ్గితే కణం ఉబ్బి పెద్దదవుతుంది గాని చీలలేదు. ఎముకమజ్జలో రక్తకణాలు పెద్దవిగా, కొద్దిగా మాత్రమే తయారవుతాయి. నాలుక పొర పలచబడుతుంది. ప్రేగులో రాలిన కణాల స్థానంలో కొత్తవి వేళకు రావు. చూషకాలు కురచబడతాయి. దున్నిన పొలాన్ని ఎవరో చదును చేసినట్టు ఆ గోడ బోసిపోతుంది.

ఇక్కడే ఒక విషవలయం ఉన్నది. విటమిన్ లేక ప్రేగు చెడుతుంది. ప్రేగు చెడితే ఆహారంలో ఉన్న విటమిన్ కూడా లోపలికి పోదు. దానితో ప్రేగు మరింత చెడుతుంది. తోటకూర, పాలకూర, పప్పుధాన్యాలు, వేరుశెనగ వంటివాటిలో ఈ విటమిన్ ఉన్నా అది విడిగా ఉండదు. పూసలదండలాగా చిన్న చిన్న తునకలు గుచ్చి ఉంటుంది. చిన్నప్రేగు గోడ మీది ఎంజైము ఆ దండలోని పూసలు ఒక్కొక్కటే తెంచి, ఒకే పూస మిగిలినప్పుడు లోపలికి తీసుకుంటుంది. గోడే పాడయితే తెంచేది ఎవరు? ప్రయోగశాలలో తయారైన ఫోలిక్ ఆమ్లానికి ఈ దండ లేదు. అది మొదటినుంచీ ఒంటిపూసే. అందువల్ల చెడిన ప్రేగు కూడా దానిని కొంతవరకు పీల్చుకోగలదు. అన్నం చేయలేని పనిని మాత్ర చేయగలిగింది.

టామ్ స్పీస్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు 1945, 1946 సంవత్సరాలలో క్యూబా, పోర్టోరికోలలోని స్ప్రూ రోగులకు ఈ మందు ఇచ్చి చూశారు. కొద్ది రోజుల్లోనే రోగులకు ఆకలి పుట్టింది. నాలుక మంట తగ్గింది. రక్తంలో కొత్త కణాలు కనిపించాయి. విరేచనాలు తగ్గుముఖం పట్టాయి. ఈ వార్త పెర్ల్ రివర్ చేరినప్పుడు సుబ్బారావుకు తన అన్నదమ్ములు గుర్తుకు రాకుండా ఉండరు.

అయితే ఆయన వెతికిన వస్తువు ఒకటి, దొరికింది మరొకటి అని కూడా చెప్పాలి. కాలేయంలో ఆయన ముఖ్యంగా వెతికింది ప్రాణాంతక రక్తహీనతకు మందు. ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆ రోగుల రక్తం మెరుగుపడింది గాని, కాళ్ల తిమ్మిర్లు, నరాల బలహీనత తగ్గలేదు. కొందరిలో ముదిరాయి. అసలు మందు వేరే విటమిన్. దానిని 1948లో అమెరికాలోను, ఇంగ్లండులోను మరి రెండు బృందాలు విడదీశాయి. అదే విటమిన్ బి12. ఆకుకూరలలో అది దొరకదు. చిన్నప్రేగు చివరి భాగంలో అది శరీరంలోకి పోతుంది. స్ప్రూ ప్రేగంతటా వ్యాపిస్తే దానికీ లోపం వస్తుంది. అందుకే ఈనాటి వైద్యులు ఈ రెండింటినీ చూడకుండా చికిత్స మొదలుపెట్టరు.

ఫోలిక్ ఆమ్లం లేకపోతే కణాలు పెరగలేవని తెలిసిన తరువాత ఇంకొక ఆలోచన పుట్టింది. పెరగకూడని కణాలు పెరుగుతున్నప్పుడు ఆ విటమిన్‌ను అడ్డుకుంటే ఎలా ఉంటుంది? దానిని పోలి ఉండి దాని పనిని చెడగొట్టే పదార్థాలను సుబ్బారావు బృందం తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1947, 1948లలో లుకేమియా అనే రక్తపు కాన్సర్ ఉన్న పిల్లలకు వాటిలో ఒకదానిని ఇచ్చాడు. అంతకుముందు ఆ పిల్లలకు ఆశ అనేదే లేదు. కొందరిలో రోగం కొన్ని నెలలపాటు వెనక్కి తగ్గింది. అదే కుటుంబంలోని మెథోట్రెక్సేట్ అనే మందును నేటికీ వాడుతున్నారు. బోదకాలు రోగానికి వాడే డి.ఇ.సి. మాత్ర కూడా 1947లో ఆ పరిశోధనశాల నుంచే వచ్చింది. ఒడిశా, ఆంధ్ర తీరాలలో ఆ మాత్ర ఎరుగనివారు తక్కువ.

వీటన్నింటికంటే మన కథకు దగ్గరి సంబంధమున్నది వేరొకటి. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు విశ్వవిద్యాలయం నుంచి పదవీ విరమణ చేసిన తరువాత సుబ్బారావు పరిశోధనశాలలో చేరాడు. అనేక ప్రాంతాల మట్టి నమూనాలు తెప్పించి పరీక్షిస్తూ, 1945లో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకదానిని కనుగొన్నాడు. అది ఉత్పత్తి చేసే పదార్థం అనేక రకాల బాక్టీరియాను అణచివేసింది. దానికి ఆరియోమైసిన్ అని పేరు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్ మందులలో అది మొదటిది. 1948లో దానిని లోకానికి ప్రకటించారు.

అదే సంవత్సరం ఆగస్టు 9వ తేదీన సుబ్బారావు న్యూయార్క్‌లో తన గదిలో చనిపోయి కనిపించాడు. నిద్రలోనే గుండె ఆగింది. ఆయన వయసు 53 సంవత్సరాలు. అమెరికాలో పాతికేళ్లున్నా ఆ దేశ పౌరుడు కాలేదు. స్వతంత్ర భారతానికి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

గ్రహణి కథ ఆయనతో ముగియలేదు. 1960ల మొదట్లో తమిళనాడులోని ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెల్లో స్ప్రూ మహమ్మారిలా చెలరేగింది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో సెల్విన్ బేకర్, వి.ఐ. మథన్ అనే పరిశోధకులు ఆ పల్లెలు తిరిగి రోగులను పరిశీలించారు. జబ్బు ఇంటినుంచి ఇంటికి పాకడం చూసి, ఇది కేవలం తిండిలోపం కాదని, ప్రేగును మొదట దెబ్బతీసేది ఏదో అంటు అని గుర్తించారు. ఆ క్రిమి ఫలానా అని ఇంతవరకు తేలలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు వారం రోజుల్లో పోవడంలోని వింత ఇప్పుడు అంత వింతగా అనిపించదు. అంటు ప్రేగును గాయపరుస్తుంది. విటమిన్ లోపం ఆ గాయాన్ని మాననివ్వదు. కాబట్టి చికిత్స కూడా రెండు మందులతో జరుగుతుంది. ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండవది టెట్రాసైక్లిన్. రెండూ కొన్ని నెలలపాటు ఇస్తారు. ఫోలిక్ ఆమ్లమూ, టెట్రాసైక్లిన్ మందులలో మొదటిదీ సుబ్బారావు పరిశోధనశాల నుంచే వచ్చాయి.

2013 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో పెద్ద తరగతుల పిల్లలకు వారానికొకసారి నీలిరంగు మాత్ర ఇచ్చే పథకం నడుస్తున్నది. రక్తహీనత రాకుండా ఇచ్చే ఆ మాత్రలో ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది.